ముందే ఎత్తుకున్న మంగళం

మొన్న శ్రీరామనవమికి వర్తూరులోని మా అపార్ట్‌మెంట్ వాళ్ళు కింది హాల్లో చిన్న కచేరీ పెట్టారు. చెరువు వాసన రాకుండా అటువైపు కిటికీలు మూసేశారు. పానకం కాగితం కప్పుల్లో ఇచ్చారు. అందులో శొంఠి లేదు, మిరియం లేదు, ఉత్త బెల్లం నీళ్ళు. నేను కప్పు పట్టుకుని చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళినా ముందు తలుపు ఎక్కడుందో చూసుకోవడం నాకు అలవాటు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎత్తిపొడిచేది, "పెండ్లి పీటల మీద కూడా మీరు చెప్పులు విడిచిన తావే చూస్తా ఉండారు" అని.

కచేరీలో మంగళం దాకా నేనెప్పుడూ ఉండను. అంతకు ముందే ఏదో వంక పెట్టుకుని లేస్తాను. ఈసారి మాత్రం ఎవరో తల్లి తన బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని నా దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుంది. లేపడానికి మనసు రాలేదు. వేదిక మీద పాడుతున్న అమ్మాయి కళ్ళు మూసుకుని మంగళం ఎత్తుకుంది. కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ లేచి నిలబడ్డారు. నేను ఒక్కడినే కూర్చుండిపోయాను. చేతిలో కప్పు నలిగి పానకం చొక్కా మీద ఒలికింది.

నా చిన్నప్పుడు, ఇదే ఊరి నడుమన ఉన్న నగర్తపేటలో మా ఇల్లు ఒక సందులో ఉండేది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగాలి. కింద జరీ దారాల అంగడి, పైన మేము. మెట్ల కింద వట్టివేరు మూటలు, పక్క అంగట్లో కర్పూరం, ఎదురుగా ఇత్తడి సామాన్లు సాగగొట్టే కొట్టం. పొద్దున్నే మొదలైన సుత్తి చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. నన్ను పెంచింది మా అవ్వ, మా చిన్నాయన.

చిన్నాయన ఫిడేలు వాయించేవాడు. పెళ్ళిళ్ళలో, హరికథల్లో, నవమి పందిళ్ళలో పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయిస్తేనే ఇల్లు గడిచేది. కానీ ఆయన మనసు అక్కడ ఉండేది కాదు. తనే పాటలు కట్టేవాడు. తను కట్టినవాటికంటే ఇతరులు కొత్తగా కట్టినవి వాయించడం అంటే ఆయనకు పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం మా పైగదిలో చాప పరిచేవాడు. కొత్త పాట కట్టిన వాళ్ళు ఎవరైనా రావచ్చు. స్కూలు మాస్టర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఒకసారి మిలిటరీ బ్యాండులో క్లారినెట్ ఊదే ఆయన వచ్చారు. నియమం ఒకటే, పాట కట్టిన మనిషి బతికి ఉండాలి.

అవ్వకు ఇది నచ్చేది కాదు. నానిన బొరుగులతో ఉగ్గాణి కలుపుతూనే గొణిగేది.

"పెద్దపెద్దోళ్ళు కట్టిన పాటలు ఇన్ని ఉండాయి గదా. అవి సాలవంటనా నీకి?"

"పోయినోళ్ళ పాటలు పాడేకి ఊరంతా ఉండారమ్మా. బతికినోళ్ళ పాట ఎవురు వాయించాల?"

"నువు బతికేది ఎట్లో అది చూడప్పా ముందు."

చిన్నాయన నవ్వి ఉల్లిపాయ ముక్క నోట్లో వేసుకునేవాడు. అవ్వ మాటలకు ఆయన ఎప్పుడూ కోపగించుకోలేదు. ఆ తరువాత ఉగ్గాణి పళ్ళెం అందరికంటే ముందు కొత్త పాట తెచ్చిన మనిషికే పెట్టేది కూడా అవ్వే.

నాకు ఆదివారాలంటే చిరాకు. కింద సందులో గోలీలాట జరుగుతూ ఉంటే నేను పైన శ్రుతిపెట్టె తిత్తి ఊపుతూ కూర్చోవాలి. కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. కాలు ఆడేది, వీపు దురద పెట్టేది, కిటికీలోంచి పిలుపు వినిపించేది. ఒక ఆదివారం, క్లారినెట్ ఆయన పాట ఎంతకీ తెమలకుండా సాగుతోంది. నాకు ఉన్నట్టుండి ఒక దొంగ ఆలోచన వచ్చింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో గొంతెత్తి మంగళం అందుకున్నాను.

ఒక్క క్షణం అందరూ నావైపు చూశారు. తరువాత చిన్నాయన పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఫిడేలు ఛాతీకి ఆనించుకుని నాతోపాటు మంగళం వాయించి ముగించాడు. కమాను బిగువు విప్పి పెట్టెలో పెట్టేశాడు.

"మంగళం అయినంక ఇంగ వాయించకూడదు. పిల్లోడు ముగించేసినాడు, లేయండప్పా."

"ఇదేం గలాటె మారాయా!" అన్నాడు క్లారినెట్ ఆయన, సగం కన్నడంలో. ఆయన కూడా నవ్వుతూనే లేచాడు. నేను మెట్లు రెండేసి దూకుతూ గోలీల దగ్గరికి పరుగెత్తాను.

ఎంత పెద్ద విద్వాంసుడైనా, ఎంత సరదాగా అయినా, మంగళం ఎత్తుకున్నాక ఇంకొక పాట ఉండదు. ఆ ఒక్క విషయంలో అన్నిటినీ ప్రశ్నించే మా చిన్నాయన కూడా ఊరితోనే ఉన్నాడు. నా చేతికి ఎలాంటి తాళంచెవి దొరికిందో ఆ రోజు నాకు తెలిసింది.

ఆ ఏడే దొడ్డబళ్ళాపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది, నేను అక్కా అనేవాణ్ణి. వాళ్ళ నాయన జరీ కొనడానికి కింది అంగడికి వచ్చేవాడు. వాళ్ళకు ఇంట్లోనే మరమగ్గాలు ఉండేవి. ఆయన కింద బేరం చేస్తున్నంతసేపూ అక్క మెట్ల మీద కూర్చుని ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. అది ఏ పాటో అర్థం కాక చిన్నాయన కిందికి దిగి వచ్చాడు.

"ఎవురు కట్టింది అమ్మా ఇది?"

ఆమె లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "ఎవురూ కట్టలేదన్నా. ఊరికే నాకి వస్తా ఉంటాది."

"ఊరికే వచ్చేది ఉండాదా? పైకి రా, మళ్ళా ఒకసారి పాడు."

ఆమెకు సంగీతం చెప్పినవాళ్ళు లేరు. గుడిలో భజన విని నేర్చుకున్నదే. ఆ పాట గురించి ఆమె చెప్పిన మాట మాత్రం నాకు బాగా గుర్తుంది. ఇంట్లో పగలంతా మగ్గాల మోత ఒక్క తీరుగా ఉంటుందట. వాళ్ళమ్మ ఆ మోత మీదనే పాడుకుంటూ పనిచేసేదట. పాట ఎక్కడెక్కడికో వెళ్ళేది, మోత మాత్రం ఉన్నచోటే ఉండేది. చివరికి అమ్మ గొంతు వచ్చి ఆ మోతలో కలిసిపోయేది. అందుకని ఈ పాటకు కింద ఒకే స్వరం కావాలి, మొదటినుంచి చివరిదాకా.

"తంబూర పెడదాం," అన్నాడు చిన్నాయన.

"వద్దన్నా. తంబూరకి ఆయాసం రాదు. పిల్లోడి గొంతు అయితే బాగుంటాది."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను అప్పుడే అక్క తెచ్చిన వేరుశెనగ ఉండ కొరికి ఉన్నాను.

నవమి దాకా మాకు అదే పని. చిన్నాయన ఫిడేలు మీద అక్క పాటను వాయిస్తాడు, నేను ఒకే స్వరం పట్టుకుని ఉండాలి. ఊపిరి చాలకపోతే ఎవరికీ తెలియకుండా దొంగగా ఎలా తీసుకోవాలో నేర్పాడు. మొదట ఫిడేలు నా స్వరం పక్కనే నడిచేది. తరువాత విడిపోయేది. ఇత్తడి కొట్టంలో సుత్తుల లెక్కన అడుగులు వేసేది. ఒకచోట నా స్వరానికి ఆనుకుని, అయినా కలవకుండా, పళ్ళు జివ్వుమనేటట్టు నిలిచేది. నేను అక్కడ జారిపోయేవాణ్ణి. ఫిడేలు ఎటు వెళితే నా గొంతు అటే వెళ్ళేది.

"నా వెనక రావద్దప్పా. నేను యాడికన్నా పోనీ, నువు కదలొద్దు."

"తప్పు మాదిరి వినిపిస్తా ఉండాది చిన్నాయనా."

"వినిపించనీ. నువు ఉన్న తావు నాకి తెలిసినంత వరకు నాకేం భయం లేదు. తిరిగి నీ తావుకే వస్తాను గదా."

అలా తిరిగి వచ్చి కలిసే ఘట్టాన్ని మేము సాధనలో ఎప్పుడో గానీ చేరుకునేవాళ్ళం కాదు. చేరినప్పుడు అక్క కళ్ళు తుడుచుకునేది. నాకు మాత్రం ఇప్పుడైనా వదులుతారేమోనని ఉండేది.

మా వీధి రామోత్సవ పందిరికి పెద్దమనిషి ఒక సెట్టి. మంచివాడే, కానీ ఆయన మాట అంటే మాటే. చిన్నాయన ఎన్నో ఏళ్ళుగా పందిట్లో కొత్త పాటలకు ఒక సాయంత్రం ఇమ్మని అడుగుతున్నాడు. ఆ ఏడు సెట్టి ఒక మెట్టు దిగాడు.

"కచేరి మద్దెలో ఒక పాట వాయించుకో అప్పా. జనాలు లేయకుండా చివరి దాకా కూర్చుంటే, వచ్చే ఏడు నీకి పూర్తి సాయంత్రం ఇస్తాను. లేచిపోయినారంటే మళ్ళా నన్ను అడగొద్దు."

"కూర్చుంటారు సెట్టీ."

"నీ నమ్మకం చూస్తే నాకే భయమయితాదప్పా."

అందుకని ఆ ఒక్క పాటకు అంత బరువు. చిన్నాయన తన పాట వాయించుకుని ఉండవచ్చు. అవ్వ కూడా అదే అడిగింది. "ఆ పిల్ల పాట ఇంతదాంక ఎవురూ విన్లేదమ్మా," అన్నాడు అంతే.

పందిట్లో పచ్చి కొబ్బరి మట్టల వాసన. నీళ్ళు చల్లిన నేల మీద జంపఖానాలు. మట్టి కుండల్లో పానకం, నీరు మజ్జిగ, పక్కన వెడల్పాటి ఇత్తడి పళ్ళాల్లో నానిన పెసరపప్పు కలిపిన దోసకాయ కోసంబరి. వచ్చిన ప్రతివాళ్ళ చేతికీ ఒక తాటాకు విసనకర్ర ఇచ్చేవాళ్ళు. వేదిక మీంచి చూస్తే పందిరంతా రెక్కలాడిస్తున్నట్టు ఉండేది. చిన్నాయన నాకు ఎప్పుడో చెప్పాడు, జనం మొహాలు చూడొద్దు, విసనకర్రలు చూడు, అవి ఆగితే పాట లోపలికి పోయినట్టు అని.

దొడ్డబళ్ళాపురం అక్క వాళ్ళ నాయనతో బస్సులో వచ్చి ఆడవాళ్ళ వైపు రెండో వరసలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది, వాళ్ళ మగ్గం మీద నేసిందే. ఆమె చేతిలో విసనకర్ర ఉంది గానీ ఊపడం లేదు. అవ్వ ఆమె పక్కన చేరి తన విసనకర్రతో ఇద్దరికీ విసురుతోంది.

మగవాళ్ళ వైపు ముందు వరసలో మా బడి పిల్లలు.

పాట మొదలైంది. ముందు నేను ఒక్కడినే, ఆ ఒకే స్వరం. తరువాత ఫిడేలు. మృదంగం వాయించే తాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా కూర్చున్నాడు, ఈ పాటలో ఆయనకు పనిలేదు. ఫిడేలు విడిపోయి సుత్తుల నడక అందుకోగానే బడి పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. ఒకడు నోరు తెరిచి నన్ను వెక్కిరించాడు, గాడిదలాగా. వెనక ఎవరో పెద్దాయన, "ఏమప్పా, ఇంగా శ్రుతి చేసుకుంటా ఉండారా?" అన్నాడు. నవ్వులు లేచాయి. నా చెవులు కాలిపోయాయి. అయినా పట్టుకున్నాను. దొంగ ఊపిరి తీసుకుంటూ పట్టుకున్నాను.

నాలో నేను చాలా ఏళ్ళు చెప్పుకున్న కథ ఏమిటంటే, ఆ నవ్వులకే నేను కదిలిపోయానని. పిల్లవాణ్ణి కదా, సిగ్గుపడ్డానని. అది నిజం కాదు. ఇప్పుడు ఈ వయసులో ఆ మాట రాయకుండా తప్పించుకోలేను.

నవ్వులు ఆగిపోయాయి. ఫిడేలు పళ్ళు జివ్వుమనే చోటికి వచ్చింది. నా స్వరానికి ఆనుకుని, కలవకుండా నిలిచింది. అప్పుడు ముందు వరసల్లో విసనకర్రలు ఒక్కొక్కటే ఆగాయి. తరువాత మధ్యలో. తరువాత స్తంభాల దాకా. సెట్టి చేతిలోది గాలిలో ఉన్నది ఉన్నట్టే నిలిచిపోయింది. వెక్కిరించినవాడు నోరు మూసుకుని నా వైపే చూస్తున్నాడు. పందిరంతా వింటోంది. నేను చూశాను. దాని అర్థం నాకు తెలుసు.

అంతమంది వింటూ ఉంటే అందులో నా గొంతు ఒక్కటే, ఏ ఆచ్ఛాదనా లేకుండా. అది భరించలేకపోయాను. కాళ్ళలోంచి ఏదో పాకి పైకి వచ్చింది. ఎటైనా పోవాలి, ఏదైనా చేయాలి. చిన్నాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా దగ్గర తాళంచెవి ఉంది.

మంగళం ఎత్తుకున్నాను.

మృదంగం తాత చేతులు ఆయనకు చెప్పకుండానే లేచి దెబ్బ వేశాయి. మంగళం వినిపిస్తే ఆ చేతులకు అంతే తెలుసు. జనం ఉలిక్కిపడి లేచారు, చెంపలు వేసుకున్నారు. చిన్నాయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. పొద్దున్నే ఎవరో తట్టి లేపితే చూసినట్టు, కోపం లేని చూపు. ఫిడేలు ఉన్నచోటి నుంచి, ఆ దూరం నుంచి, తిన్నగా మంగళంలోకి వచ్చింది. నేను విడిచిపెట్టిన స్వరానికి అది మళ్ళీ రాలేదు. కచేరీలో ఇంకా పాడవలసిన పాటలు ఉన్నాయి. వాటిని ఎవరూ అడగలేదు. జనం పానకం కుండల వైపు కదిలారు.

సెట్టి వేదిక దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రగా, తడిగా ఉన్నాయి. "బాగా కూర్చున్నారు గదప్పా! మద్దెలో ఏమయింది? పిల్లోడు తప్పు చేసినాడా?"

నేను కోసంబరి ఉన్న ఆకు దొన్నె పట్టుకుని వేదిక మెట్టు కింద నిలబడి ఉన్నాను. నోట్లో దోసకాయ ముక్క ఉంది. నమలలేదు, ఉమ్మలేదు.

"వాడు కాదు సెట్టీ," అన్నాడు చిన్నాయన, కమాను విప్పుతూ. "నేనే సైగ చేసినాను. సాలనిపించింది."

"నీకే సాలనిపించిందా?" సెట్టి కండువా భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. "అట్లయితే ఇంగ నేనేం చేసేది?"

ఆయన వెళ్ళాక చూస్తే అక్క అక్కడే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కొత్త చీర కొంగు వేలికి చుట్టుకుని విప్పుతోంది.

"మీరే నిలిపేసినారా అన్నా?"

చిన్నాయన ఆమెను చూశాడు. తరువాత నన్ను చూశాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన ఎదురు చూశాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నేను దొన్నెలోకి చూశాను.

"అవునమ్మా," అన్నాడు.

"బాగలేదని ముందే చెప్పింటే సరిపోతా ఉన్నింది గదన్నా."

"బాగలేక కాదమ్మా..." అని ఏదో చెప్పబోయాడు. వాళ్ళ నాయన బస్సు వేళయిందని పిలిచాడు. ఆమె వంగి చిన్నాయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయింది. అవ్వ పానకం చెంబు పట్టుకుని వెనకాలే వెళ్ళింది, గొంతు తడుపుకుని పోమ్మా అంటూ. తిరిగి వచ్చినప్పుడు చెంబు నిండుగానే ఉంది.

ఇంటికి వెళుతూ సందు మొదట్లో చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆకలేసిందా అప్పా?"

"ఊ," అన్నాను. ఆ రోజు రెండో అబద్ధం అది. మొదటిది మాట్లాడకుండా ఆడాను.

ఆ తరువాత వాళ్ళ నాయన జరీకి ఒక్కడే వచ్చేవాడు. చిన్నాయన కిందికి దిగి అడిగేవాడు, పాప ఎట్ల ఉంది, ఏమన్నా కడతా ఉందా అని. "అదంతా విడిచేసిందప్పా. పెండ్లి మాటలు నడస్తా ఉండాయి," అన్నాడు ఆయన ఒకసారి. చిన్నాయన సరే సరే అని తలూపుతూ మెట్లెక్కాడు. పైకి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కొట్టంలో సుత్తులు మోగుతున్నాయి. ఆయన నన్ను ఏమీ అనలేదు. మరుసటి నవమికి కూడా వేదిక మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. "మంగళం నువ్వే ఎత్తుకో," అన్నాడు. కొత్త పాట కోసం సెట్టిని మళ్ళీ అడగలేదు. ఆదివారాలు చాప పరుస్తూనే ఉన్నాడు. రానురాను చాప మీద మేమిద్దరమే మిగిలాం. నాకు మీసాలు వచ్చాక నేనూ మానేశాను.

ఉద్యోగాలు మారాను, ఇళ్ళు మారాను. ఏదైనా కుదురుకుంటున్నట్టు అనిపిస్తే చాలు, కాళ్ళలోంచి ఆ పాకడం మొదలయ్యేది. ఒకసారి, చిన్నాయన పోయిన తరువాత, దొడ్డబళ్ళాపురం బస్సెక్కాను. అక్కను వెతికి, ఆపింది ఆయన కాదు, నేను, అని చెప్పాలని. స్టాండులో దిగాను. ఎటు చూసినా ఇళ్ళలోంచి మగ్గాల మోత. నిజంగానే అది ఒక్క తీరుగా ఉంది, ఎక్కడికీ కదలకుండా. ఒక కాఫీ తాగాను. అదే బస్సు తిరుగు ప్రయాణానికి హారన్ కొట్టింది. ఎక్కి కూర్చున్నాను. అది ఎవరి మీదా నెట్టలేను, అప్పటికి నేను పిల్లవాణ్ణి కాదు.

మొన్న హాల్లో జనం వెళ్ళిపోయారు. అడ్డంగా కాళ్ళు చాపుకున్న తల్లి కూడా బిడ్డను భుజాన వేసుకుని వెళ్ళింది. దారి ఖాళీ అయింది. వేదిక మీద శ్రుతిపెట్టెను ఆపడం మరిచిపోయారు. ఇప్పటివి కరెంటువి, తిత్తి ఊపే పని లేదు. ఆయాసం లేకుండా మోగుతోంది. అసోసియేషన్ అమ్మాయి కుర్చీలు మడుస్తూ నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ప్రోగ్రామ్ అయిపోయింది. చెయిర్ తీస్తాను."

"కొంచెం సేపు ఉండనీమ్మా."

ఆమె నా చొక్కా మీది మరక చూసి, సరే అని, పోతూ పోతూ పెట్టె ఆపేసింది. హాలు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి, చిన్నగా, పెట్టె వదిలిన స్వరాన్ని నేను అందుకున్నాను. ఊపిరి అయిపోతే దొంగగా తీసుకుని మళ్ళీ పట్టుకున్నాను. కుర్చీలు మడిచే చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి నిలబడి చూస్తోందని తెలుసు. కాళ్ళలో ఆ పాకడం మొదలైంది. తలుపు చేయి చాచినంత దూరంలో ఉంది.

కదలలేదు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. తిరిగి ఈ తావుకు రావలసిన ఫిడేలు మాత్రం, నేను విడిచిపెట్టిన ఆ దూరంలోనే ఉండిపోయింది.